బాబీన్ విప్పని బూట్లు

"బూట్లు విప్పుతావా, విప్పవా?"

పందొమ్మిది వందల యాభై మూడు జూన్‌లో, రోస్‌గార్వ్ చర్చి గుమ్మం ముందు, ఊరు ఊరంతా చూస్తుండగా, అమెరికా నుంచి దిగిన సినిమా డైరెక్టరు టర్లీ దొర బాబీన్‌ని అడిగిన మాట అది. బాబీన్ ముందు తన కాళ్ల వంక చూసుకుంది. తర్వాత దొర మొహం చూసింది. ఆ తర్వాత, తొందరేమీ లేనట్టు, చూపు దించి ఆయన నడుము దగ్గర ఆపింది.

"తమరు ముందు ప్యాంటు విప్పండి. అప్పుడు చూద్దాం," అంది.

ఇంగ్లీషులోనే అంది, మాంచెస్టర్‌లో నేర్చిన ఇంగ్లీషులో. గోడ మీద కూర్చున్న మగవాళ్లలో ఇంగ్లీషు వచ్చినవాళ్లు నవ్వారు. రానివాళ్లు పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని మరికాస్త గట్టిగా నవ్వారు. ఫాదర్ లావెల్ ఏమీ విననట్టు జేబులో ముక్కుపొడి డబ్బా వెతుక్కున్నాడు.

ఈ ముచ్చట తర్వాత చాలా చోట్లకి పాకింది. ఐర్లండు స్త్రీ ఆత్మగౌరవం అంటూ డబ్లిన్‌లో ఒకాయన ఉపన్యాసం కూడా ఇచ్చాడట. బాబీన్ ఇంట్లో ఆత్మగౌరవం లాంటి మాటలు వాడినవాళ్లు ఎవరూ లేరు. ఆ ఇంట్లో ఉన్నవి బూట్లు.

వాళ్ల నాన్న మిహీల్ బూట్లు కుట్టేవాడు. ఆరు మైళ్ల చుట్టూ ఉన్న కాళ్లన్నిటి కొలతలూ ఆయనకు నోటికి వచ్చు. ఎవరైనా పెళ్లి సంబంధం సంగతి ఎత్తితే, పిల్ల గుణగణాలు ఆయనకు అక్కర్లేదు, "మడమ వెడల్పు, నిలబడి పనిచేస్తుంది" అని తేల్చేసేవాడు. పొద్దస్తమానం ఆరెతో తోలు పొడుస్తూ ఊరిని తిడుతుండేవాడు. తిట్టడానికి కారణం లేకపోలేదు. రోస్‌గార్వ్‌లో ఒక జత కుట్టించుకుంటే పన్నెండేళ్లు వచ్చేది. ఆదివారం పూజకు నాలుగు మైళ్ల నడక. ఆ నాలుగు మైళ్లూ జనం వట్టికాళ్లతోనే నడిచేవాళ్లు, బూట్లు లేసులు ముడేసి భుజాన తగిలించుకుని. చర్చి మలుపు దగ్గర వాగు పక్కన చదునైన బండ ఒకటుంది. అక్కడ కూలబడి, కాళ్లు కడుక్కుని, మేజోళ్లు ఎక్కించి, బూట్లు తొడిగి, లేసులు బిగించి, అప్పుడు లేచి గుమ్మం వైపు. వచ్చేటప్పుడు మళ్లీ అదే బండ మీద విప్పడం. దాని పేరు బూట్లబండ.

"నా బూట్లకి కాళ్ల కంటే భుజాలే బాగా తెలుసే," అని మిహీల్ కూతురితో మొత్తుకునేవాడు. "దేవుడికి ముప్పావుగంట చూపించడానికి కుట్టించుకుంటారు. ఇంక అరిగేదెప్పుడు? నేను తినేదెప్పుడు?"

"కాస్త చచ్చు తోలు వెయ్యరాదూ, నాయనా?"

"వేస్తే మీ తాత సమాధిలోంచి లేచొచ్చి నా చెవి పిండుతాడు."

ఇరవై మూడో ఏట బాబీన్ ఇంగ్లండు పడవ ఎక్కే రోజున ఆయన ఆమెకు గోధుమరంగు జత కుట్టి ఇచ్చాడు. మడమ కింద రెండు పొరల తోలు, పక్కలకు జంట కుట్టు. "వీటిని మటుకు భుజాన వేసుకోకు. తొడుక్కుని నడువు," అన్నాడు. అంతకుమించి వీడ్కోలు మాటలు ఆయనకు చేతకాలేదు.

మాంచెస్టర్‌లో బాబీన్‌కి దొరికింది సినిమా హాల్లో పని. మొదట నేల ఊడవడం, రెండో ఏటినుంచి టార్చి పట్టుకుని జనాన్ని కుర్చీల దగ్గరికి చేర్చడం. వారానికి పద్నాలుగు ఆటలు. తొమ్మిదేళ్లు. ఐర్లండు వాళ్ల మీద తీసిన సినిమాలు అన్నిసార్లు, అంత ఉచితంగా చూసిన ఐర్లండు మనిషి మరొకరు ఉండి ఉండరు.

తెర మీద ఐర్లండు మనిషి కనబడగానే హాలు నవ్వడానికి సర్దుకుని కూర్చునేది. వాడు నోరు తెరవనక్కర్లేదు. తలుపు తోసుకుని వస్తే చాలు. వచ్చాడంటే తాగే వస్తాడు, లేదా తాగడానికే వస్తాడు. ముందు కొట్లాడతాడు, తర్వాత పాడతాడు, తర్వాత అమ్మ గుర్తొచ్చి ఏడుస్తాడు. పోలీసైతే లావుగా, ఫాదరైతే ఎర్రముక్కుతో, పనిపిల్లైతే పళ్లెం పగలగొట్టి. తుపాకీ పట్టినవాడైతే రెండో చేతిలో జపమాల తప్పదు. ఇక ఊళ్లో ఉన్న ఆడవాళ్లు గాలికి ఎగిరే జుట్టుతో, వట్టికాళ్లతో, కొండ మీద నిలబడి సముద్రం వైపు చూస్తారు. ఎందుకు చూస్తారో ఏ సినిమాలోనూ చెప్పలేదు. తొమ్మిదేళ్లలో ఒక్క ఐర్లండు మనిషీ తెర మీద పత్రిక చదవలేదు, పళ్లు తోముకోలేదు, ఇంకొకరికి సరైన దారి చెప్పలేదు. బాబీన్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

ఇదంతా నవ్వి ఊరుకునేదే. కానీ వెళ్లిన కొత్తలో గది అద్దెకు అడగడానికి ఒక ఇంటికి పోయింది. తలుపు తీసిన ఇంటావిడ పలకరించకుండా నేరుగా ఆమె కాళ్ల వంక చూసింది. "మీ దేశం వాళ్లు బూట్లు వేసుకుంటారన్నమాట!" అంది. వెటకారం కాదు. ఆవిడ మంచి మనిషే, గది ఇచ్చింది, ఆ సాయంత్రం రొట్టె కూడా పెట్టింది. కిందటి శనివారం సినిమా చూసింది, అంతే. మిహీల్ బూట్లు తొడుక్కుని, మిహీల్ కూతురు, ఆ గుమ్మంలో నిలబడి "అవునండీ" అంది. ఆ "అవునండీ" ఆమెను చాలాకాలం కుదురుగా ఉండనివ్వలేదు.

హాల్లో బొమ్మ ఆడించే ముసలాయన ఆల్బర్ట్ ఆమెకు ఒక సంగతి చూపించాడు. ఫిల్ము తెగినప్పుడు కత్తిరించి, జిగురు రాసి, అతికించేవాడు. "ఇదిగో చూడు పిల్లా, ఇది ఒకడి చెయ్యి. ఇది ఇంకొకడి మొహం. మధ్యలో నా జిగురు. బయట కూర్చున్నవాడికి మాత్రం ఒకే మనిషి."

నాన్న చూపు మందగించిందని పందొమ్మిది వందల ముప్పై ఎనిమిదిలో బాబీన్ తిరిగొచ్చింది. మూడేళ్లకు ఆయన పోయాడు. బాబీన్ పెళ్లి చేసుకోలేదు, దానికి కారణమూ చెప్పలేదు. మేజోళ్లు అల్లి గాల్వే పట్నంలో అమ్మేది, ఒక ఆవు, పన్నెండు కోళ్లు, ఊరందరి ఇంగ్లీషు ఉత్తరాలు చదివిపెట్టే పని. ఆమె జీవితంలో చెప్పుకోదగ్గది ఇంకేమీ జరగదని ఊళ్లో అందరూ అనుకుంటూ ఉండగా సినిమా కంపెనీ లారీలు వచ్చాయి.

వాళ్ల సినిమా కథ ఏమిటంటే, చర్చిలో వెండిగిన్నె ఎత్తుకుపోయిన ఒక దొంగ, వాడు బాగా పాడతాడు గనక ఊరంతా వాణ్ణి క్షమిస్తుంది. కంపెనీ తరఫున జనాన్ని కుదర్చడానికి డబ్లిన్ నుంచి ఫింటన్ క్రోస్బీ అనే నలభై ఏళ్ల మేనేజరు వచ్చాడు. ఊరివాళ్ల భాష గేలిక్‌ని కాలేజీలో నేర్చి మాట్లాడేవాడు. ఆయన "శుభోదయం" అంటే ముసలివాళ్లు ఎవరో పోయారేమో అనుకుని టోపీలు తీసేవాళ్లు.

గుంపులో నిలబడితే రోజుకు పదిహేను షిల్లింగులు, అంటే ముప్పావు పౌండు. వట్టికాళ్లతో నిలబడితే రెండున్నర షిల్లింగులు అదనం.

"మా ఇంట్లో పదహారు కాళ్లున్నాయి," అంది బాబీన్ పక్కింటి సబీనా. ఆరుగురు పిల్లల తల్లి, మొగుడు పీతల వేటగాడు. "గాడిదతో కలిపి ఇరవై. అన్నీ రాసుకోండి బాబూ."

"గాడిదకు ఎలాగూ బూట్లు లేవు కదమ్మా," అన్నాడు క్రోస్బీ.

"అందుకేగా, అది ఎప్పణ్ణుంచో మీకోసమే రడీగా ఉంది."

సబీనాతో కలిపి పదిహేనుమంది ఆడవాళ్లు పేర్లు రాయించుకున్నారు. బాబీన్ ఇంగ్లీషు చెప్పడానికి మాత్రమే వచ్చింది. టర్లీ దొర ఆమెను చూసి ఆగిపోయాడు. పొట్టిగా, చురుగ్గా ఉంటాడు, కళ్లు త్వరగా తడవుతాయి.

"ఈ మొహంలో వెయ్యేళ్ల ఐర్లండు ఉంది," అన్నాడు.

"నలభై ఏడేళ్లే ఉన్నాయండీ," అంది బాబీన్.

దొంగ తల్లి వేషం. మాటలు లేవు. కొడుకు చేసిన పనికి సిగ్గుపడుతూ చర్చిలోంచి బయటికి రావడం, గుమ్మంలో ఆగడం, క్షమించడం. రోజుకు మూడు పౌండ్లు. బాబీన్ ఒప్పుకుంది. ఇంటికి కొత్త కప్పు వేయించుకుందామనో, మరెందుకో అని ఊళ్లో అనుకున్నారు. ఆమె మనసులో ఉన్నది వేరు. తొమ్మిదేళ్లు చూసిన ఆ తెర మీద, ఒక్కసారైనా, చూడదగ్గ మనిషి నిలబడాలి. ఆ మనిషి తానైతే ఎవరూ వద్దనరు.

చర్చి ముందు కెమెరా పెట్టాక గానీ దొర ఉద్దేశం తెలియలేదు. "ముందు కాళ్లు. తడి రాళ్ల మీద వట్టికాళ్లు. అక్కణ్ణుంచి మెల్లగా పైకి, మొహం దాకా," అన్నాడు చేత్తో గాల్లో గీస్తూ.

"ఈ కథ ఏ ఏడాది జరుగుతుందండీ?" అని అడిగింది బాబీన్.

"ఈ ఏడే."

"అయితే బూట్లుంటాయి. ఏ ఏడాదైనా, చర్చిలో ఉంటాయి."

అప్పుడు అడిగాడు ఆ మాట. దానికి ఆమె ఇచ్చిన జవాబు ముందే చెప్పాను కదా. నవ్వులు సద్దుమణిగాక దొర దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"చూడు తల్లీ. మా నాయనమ్మ ఈ తీరం నుంచే వెళ్లింది. వట్టికాళ్లతో ఓడెక్కింది. చిన్నప్పుడు నన్ను ఒళ్లో పెట్టుకుని చెప్పేది. నేను ఇదంతా ఆవిడ కోసం తీస్తున్నాను."

"వట్టికాళ్లతో ఓడ ఎక్కనిచ్చేవాళ్లు కారండీ. డాక్టరు చూసేవాడు, గుమాస్తా చూసేవాడు. అప్పోసొప్పో చేసి బూట్లు కొనేవాళ్లు. సూపు తాగని మనవడికి చెప్పే కథ చెప్పిందావిడ మీకు. మీరేమో దానికి టిక్కెట్టు పెడుతున్నారు."

దొర మొహం ఎర్రబడింది. నాయనమ్మ జోలికి వెళ్తే ఎవరికైనా అంతే.

నిజం చెప్పాలంటే ఈ నాయనమ్మ జబ్బు అమెరికా వాళ్లకే పరిమితం కాదు. డబ్లిన్‌లో బొగ్గుల పొయ్యి పక్కన కూర్చుని, పడమటి పల్లెల పవిత్రమైన పేదరికాన్ని పొగిడే పెద్దమనుషులకు ఆ రోజుల్లో కొదవ లేదు. వాళ్లెవరూ ఆ పేదరికం పక్కన రెండు రాత్రులు పడుకోలేదు. వట్టికాళ్లంటే వాళ్లకు ఇష్టం. అవి వాళ్ల కాళ్లు కావు.

ఆ సాయంత్రం క్రోస్బీ బాబీన్ ఇంటికి వచ్చాడు. టోపీ చేతిలో తిప్పుతూ, ఉన్న మాట చెప్పేశాడు. దొర రేపు ఆమె లేకుండా, ఆడవాళ్లు చర్చికి వెళ్లే ఊరేగింపు తీస్తాడు. ఆమె మనసు మార్చుకోకపోతే, ఆ తర్వాత లారీలు అఖాతం అవతల కిల్‌డూన్ ఊరికి వెళ్తాయి. అక్కడా చర్చి ఉంది, అక్కడా కాళ్లున్నాయి. రోస్‌గార్వ్‌లో మూడు వారాల పని పోతుంది. ఆయన ఇంకా వాకిట్లో ఉండగానే సబీనా తోసుకుని లోపలికొచ్చింది.

"ఏందే ఇది? నీ బూట్లు వండిపెడతావా నా పిల్లలకి?"

"ఉడకబెడితే మెత్తబడతాయిలే. మంచి తోలు."

"ఎగతాళి చాలించు. మూడు వారాలే! మా ఆయన వల చూశావా? అందులోంచి పీతలు కాదు, గాడిద కూడా దూరిపోద్ది. కాళ్లే కదే బాబీన్! కాళ్లకి పేరుందా, మొహముందా? ఎవరు గుర్తుపడతారు నీ కాళ్లని?"

"నా కాళ్లకి నా మొహం తగిలిస్తాడే వాడు. మెల్లగా పైకి వస్తాడంట."

"రానీ! వచ్చి చూసి పోతాడు."

"నీ పెద్దది వచ్చే ఏడు మాంచెస్టర్ పోతానంటోంది కదా?"

"దానికీ దీనికీ ఏంటి?"

"అది గది అద్దెకు అడగను పోతే, ఇంటావిడ ముందు దాని కాళ్లు చూస్తుంది. మీరు బూట్లేసుకుంటారా అంటుంది. నన్ను అడిగింది. మా నాయన రాత్రింబగళ్లు కుట్టిన బూట్లలో నిలబడి, దొంగతనం చేసినదానిలా అవునండీ అన్నా. ఇంకొకసారి అనను. నా మొహంతో అయితే అనను."

సబీనా తలుపు వైపు తిరిగింది.

"నువ్వు పెద్ద గొడవ మనిషివే," అంది. "ఒంటికాయ సొంటికొమ్మువి, నీకు చెల్లుద్ది. నాకు ఆరుగురు. రేపు నేను విప్పుతా. నా కాళ్లు నా ఇష్టం."

"నీ ఇష్టమే. నేను వద్దన్నానా?"

తలుపు దభీమని మూసి పోయింది. బాబీన్ బూట్లకు మెరుగు పెట్టుకుంటూ కూర్చుంది. ఊరి కూలి పోగొట్టిన మనిషిగా రేపటినుంచి అందరి మధ్యా తిరగడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. బుద్ధి మార్చుకోలేదు.

మర్నాడు పొద్దున చర్చి రోడ్డు మీద పదిహేనుమంది ఆడవాళ్లను వరుసగా నిలబెట్టారు. నల్లటి శాలువాలు, వంచిన తలలు, వట్టికాళ్లు. వెండిగిన్నె పోయిన చర్చికి ఏడుస్తూ వెళ్లాలి. "ఎప్పుడూ పూజకు ఎట్లా వెళ్తారో అట్లాగే వెళ్లండి. కెమెరా సంగతి మరిచిపోండి," అని దొర చెప్పమన్నాడు. క్రోస్బీ తన కాలేజీ గేలిక్‌లో ఆ మాట చెప్పాడు. ఈసారి మాత్రం ఒక్క తప్పూ లేకుండా చెప్పాడు. కొంప మునిగింది అక్కడే.

బాబీన్ గోడ పక్కన నిలబడి చూసింది. బాగుందనక తప్పలేదు. అఖాతం మీంచి మబ్బు వెలుతురు, దుమ్ములో మెత్తగా పడుతున్న అడుగులు, ముందు సబీనా. దొర కళ్లు అప్పుడే తడిశాయి. వరుస మలుపు దాకా వచ్చింది. వాగు దగ్గరికి వచ్చింది. వచ్చి, ఆగింది.

సబీనా బండ మీద కూర్చుంది.

ఎవరూ చెప్పలేదు. ఆమె కూర్చుని, ఎడమ కాలు వాగులో ముంచి, శాలువా కొంగుతో తుడుచుకుని, శాలువా కింద నుంచి మేజోడు తీసింది. ఆ వెనుక బూటు తీసింది. పక్కన రెండో ఆమె కూర్చుంది. చోటు చాలనివాళ్లు నిలబడి వంతుకోసం చూస్తూ ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. పదిహేనుమంది శాలువాల కిందా పదిహేను జతల బూట్లున్నాయి. కాళ్లకు కూలి రాయించుకున్నారు సరే, చర్చికి కదా వెళ్తున్నది, చేతిలో బూట్లు లేకుండా ఇల్లు కదలడం వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

"కట్! కట్!" అని దొర అరిచాడు. ఊరివాళ్లలో ఆ మాటకు అర్థం తెలిసినది బాబీన్ ఒక్కతే. ఆమె నోరు మెదపలేదు. ఆడవాళ్లు లేసులు బిగించుకుని, లేచి, పాదం ఒకసారి నేలకేసి తట్టి చూసుకుని, మళ్లీ తలలు వంచి ఏడుపు మొదలుపెట్టి గుమ్మం వైపు నడిచారు. సబీనాకు గడప మీద కాలు పెట్టాక గుర్తొచ్చింది.

"ఓరి నాయనో," అంది కిందికి చూసుకుని. "తొడిగేశా!"

మళ్లీ తీస్తామన్నారు. క్రోస్బీ ఒక చేపలబుట్ట పట్టుకుని బూట్లు అందులో వెయ్యమంటూ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చాడు. మొదటి మనిషి సబీనాయే. బూట్ల వంక చూసుకుంది, బుట్ట వంక చూసింది. బాబీన్ వైపు మాత్రం చూడలేదు.

"ఇయ్యను," అంది.

"నిన్న ఒప్పుకున్నావు కదమ్మా!"

"రోడ్డు మీదికి ఒప్పుకున్నా. రోడ్డు మీద ఎంత దూరమైనా నడుస్తా, కిల్‌డూన్ దాకా నడవమన్నా నడుస్తా. గడప లోపలికి నా కాళ్లు అమ్మలేదు. మా అమ్మ ఈ బండ మీద కూర్చుని తొడుక్కుంది. ఆమె చర్చి పెరట్లోనే సమాధిలో పడుకుని ఉంది, తలెత్తిందంటే కనపడతా."

"ఏమంటోంది?" అని దొర అడిగాడు.

"ఇది ఇక్కడి ఆచారమంటోందండీ," అన్నాడు క్రోస్బీ.

"ఈ స్క్రిప్టులో లేని ఆచారం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

పదిహేనుమందిలో ఒక్కరూ బుట్టలో వెయ్యలేదు. ఫాదర్ లావెల్‌ని పిలిపించారు. చర్చి చందాగా కంపెనీ ఇచ్చిన ఇరవై పౌండ్లు ఆయన జేబులో ఉన్నాయి. వట్టికాళ్లతో చర్చిలోకి రావడం పాపం కాదని ఆయన చెప్పబోయాడు. "మరైతే తమరు విప్పండి ఫాదర్, మేమూ విప్పుతాం," అంది వెనక నుంచి ఒక ముసలమ్మ. ఫాదర్ మళ్లీ ముక్కుపొడి డబ్బా వెతుక్కున్నాడు. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది.

ఆ రాత్రి దొరకు లెక్క అర్థమై ఉండాలి. కిల్‌డూన్ చర్చి దారిలో కూడా ఒక బండ ఉందని క్రోస్బీ విచారించి వచ్చి చెప్పాడు. మర్నాడు దొర బాబీన్ దగ్గరికి వచ్చి మర్యాదగా మాట్లాడాడు. జనాన్ని నడుము పైనుంచే తీస్తాడు. ఆమెనూ అంతే, ఒట్టి మొహం. "బూట్లు మీ ఇష్టం, మిస్. నాకు ఆ మొహం చాలు."

ఆమె గుమ్మంలో నిలబడింది. కాళ్లకు బూట్లున్నాయి. ఏడవమన్నారు, ఏడవలేదు. మాంచెస్టర్ ఇంటావిడ ఎదురుగా ఉన్నట్టు కెమెరా వంక తిన్నగా చూసింది. "అద్భుతం," అన్నాడు దొర.

తొమ్మిదేళ్లు సినిమా హాల్లో పనిచేసిన మనిషి, ఆల్బర్ట్ జిగురు కళ్లారా చూసిన మనిషి, ఒట్టి మొహం చాలన్న మాటను నమ్మింది. గెలిచిన సంతోషంలో ఎవరైనా అంతే తెలివితక్కువగా ఉంటారు.

మరుసటి ఏడు మార్చిలో సినిమా గాల్వే వచ్చింది. రోస్‌గార్వ్ నుంచి బస్సు కట్టించుకుని ముప్పై నలుగురు వెళ్లారు. హాలు నిండా గాల్వే జనం, టోపీలూ కోట్లూ. మొదట అంతా సరదాగానే ఉంది. "అదుగో మన గాడిద!" అని సబీనా పిల్లలు కేకలు పెట్టారు. తెర మీద తాగారు, కొట్టుకున్నారు, పాడారు. నల్లశాలువాల ఊరేగింపు వచ్చింది. వట్టికాళ్లు దుమ్ములో నడిచాయి, మలుపు వచ్చింది, వాగు కనబడబోయింది, ఠక్కున బొమ్మ మారిపోయింది. "బండ ఏదీ?" అని సబీనా గుసగుసగా అడిగింది.

తర్వాత చర్చి గుమ్మం. తడి రాళ్లు. రాళ్ల మీద రెండు పాదాలు.

తెల్లగా ఉన్నాయి. ఇరవై ఏళ్లకు మించవు. మడమ మీద ఒక్క పగులు లేదు, గోళ్లు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి, బురద కుంచెతో రాసినట్టు సమంగా ఉంది. లండన్‌లో ఎక్కడో ఒక పిల్ల చెక్కబల్ల మీద నిలబడి ఉంటుంది పాపం. కెమెరా మెల్లగా పైకి లేచింది, మోకాలి దాకా వచ్చింది, ఆ క్షణంలోనే హాలు ఎత్తున బాబీన్ మొహం.

"అయ్యో, పాపం," అంది ముందు వరసలో టోపీ పెట్టుకున్న ఒకావిడ.

ఆ పాపం అన్న మాట పడేసరికి బాబీన్ లేచి నిలబడింది. ఆమె నీడ తెర మీద ఆమె మొహానికి అడ్డంగా పడింది.

"ఆ కాళ్లు నావి కావు!" అంది. ఇంగ్లీషులో ఒకసారి, గేలిక్‌లో ఒకసారి.

"కూర్చో, కూర్చో" అని కేకలు. టార్చి పట్టుకుని ఒక అమ్మాయి పరుగున వచ్చింది. "కూర్చోండమ్మా, దయచేసి."

"ఆ టార్చి నేను తొమ్మిదేళ్లు పట్టుకున్నానమ్మా. ఎక్కడ వెయ్యాలో చెప్తాను, ఇటు వెయ్యి." బాబీన్ ముందు కుర్చీ చెయ్యి మీద కాలు పెట్టింది. చెప్పిన చోట వెలుతురు వెయ్యడం అలవాటైన అమ్మాయి వేసింది. పాతికేళ్ల నాటి గోధుమరంగు బూటు, జంట కుట్టు, మూడోసారి మార్చిన అడుగు.

"ఇవీ నా కాళ్లు. నేను బూట్లతో తీయించుకున్నా. ఆ మొహం నాది, కింద ఉన్నవి అతికించినవి. మీరు పాపం అన్నారే, అది ఎవరి కాళ్లకి అన్నారో వెళ్లి వాళ్లని అడగండి!"

"అవి మిహీల్ కుట్టినవి!" అని సబీనా చీకట్లోంచి గొంతు చించుకుంది. "ఆ బూట్లబండకి తెలుసు! మేమందరం తొడుక్కున్నాం, కోసేశారు!"

ఎవరో నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. చాలామంది విసుక్కున్నారు, దొంగ పాట వస్తోందని. హాలు మేనేజరు వచ్చి బయటికి దయచెయ్యమన్నాడు. ముప్పై నలుగురూ లేచారు. చెక్కనేల మీద, కావాలని, పాదం గట్టిగా మోపుతూ, ఒక్కొక్కరుగా, వరస వరసంతా దాటుకుని నడిచారు. దొంగ పాట ఎవరికీ వినబడలేదు.

సినిమా బాగానే ఆడింది. ఇంగ్లండులో, అమెరికాలో బాగా ఆడింది. గాల్వే గొడవ పత్రికల్లో నాలుగు లైన్లు వచ్చింది. పల్లెటూరి స్త్రీ కలత చెందిందని రాశారు. బాబీన్ కలత చెందలేదు. కోపం వచ్చింది. ఆ తేడా తెలియని పత్రిక కొనడం మానేసింది. కంపెనీ లండన్ ఆఫీసుకు ఉత్తరం రాసింది: ఆ కాళ్లు ఎవరివి, ఆవిడ పేరు తెరమీద ఎందుకు వెయ్యలేదు, నా మొహం కింద వాటిని పెట్టడానికి ఎవర్ని అడిగారు? తమ చిత్రంపై ఆమె చూపిన ఆసక్తికి కంపెనీ ధన్యవాదాలు తెలిపి, సంతకం చేసిన హీరో ఫొటో పంపింది. బాబీన్ దాన్ని కోళ్లగూటి తలుపుకి మేకు కొట్టింది. లోపల ఉన్నవాటికి ఏ అభ్యంతరమూ కనబడలేదు.

రెండో ఉత్తరం సబీనా రాయించింది. బండ మీద కూర్చున్న రోజుకు, షాటు చెడిపోయిందన్న కారణంతో, ఆడవాళ్లకు కూలి ఇవ్వలేదు. లండన్‌లో తేలుస్తామని క్రోస్బీ చెప్పి వెళ్లిపోయాడు. చెడిపోయిందన్న ఆ షాటు మలుపు దాకా సినిమాలో ఉంది. ముప్పై నలుగురు చూశారు.

"వట్టికాళ్ల అదనం కూడా వెయ్యనా?" అని అడిగింది బాబీన్, కలం పట్టుకుని.

"వెయ్యవే. మలుపు దాకా నడిచిన కాళ్లు నావే కదా."

రోజుకు పదిహేను షిల్లింగులు, వట్టికాళ్లకు రెండున్నర, పదిహేనుమందికి వెరసి పదమూడు పౌండ్ల రెండు షిల్లింగుల ఆరు పెన్నీలు. కంపెనీ ఇంకా ఇవ్వాలి.